పట్టేసిన డ్రైవ్ క్లచ్: లాగొద్దు, తోయాలి

బండి సమస్యలు – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర మా తోటలో తిరిగే పాత పొలారిస్ స్పోర్ట్స్‌మన్ ఏటీవీ (గతుకు దారుల్లో నడిచే నాలుగు చక్రాల బండి) రెండు వానాకాలాలు షెడ్డులోనే ఉండిపోయింది. బెల్టు మార్చడానికి కవర్ తెరిస్తే డ్రైవ్ క్లచ్ (ఇంజిన్ షాఫ్టు మీద ఉండి బెల్టుని తిప్పే జంట పుల్లీ) కూడా విప్పి చూడాలన్నారు. మధ్య బోల్టు వచ్చేసింది. క్లచ్ మాత్రం ఇంజిన్‌కి వెల్డింగ్ చేసినట్టు కదలడం లేదు. మూడు కాళ్ల పుల్లర్ తగిలించి లాగేద్దామని మెకానిక్ అంటున్నాడు. లాగించమంటారా?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: వద్దు. ఆ మూడు కాళ్లు పట్టుకునేది అల్యూమినియం పుల్లీ అంచుని. పట్టు ఉన్నది లోపల, షాఫ్టు మీద. అంచుని లాగితే క్లచ్ రాకముందే పుల్లీ వంగిపోతుంది, లేదా ముక్క విరుగుతుంది. బయటికి ఏమీ కనిపించకుండా కాస్త వంగినా చాలు, ఆ తర్వాత బెల్టు ఊగుతుంది, వేడెక్కుతుంది, తొందరగా తెగుతుంది.

ఇది ఎందుకు పట్టేస్తుందో మీ మెకానిక్‌కి తెలిస్తే పని సగం అయినట్టే. యాక్టివా లాంటి స్కూటర్లలో ఇదే పని చేసే వేరియేటర్ పళ్లున్న షాఫ్టు మీద కూర్చుంటుంది కాబట్టి నట్టు తీయగానే చేతికొస్తుంది. మీ పొలారిస్‌లో అలా కాదు. క్రాంక్ షాఫ్టు (ఇంజిన్ తిప్పే ఇరుసు) కొస కోసుగా ఉంటుంది, క్లచ్ లోపలి రంధ్రం కూడా అదే వాలులో ఉంటుంది. మధ్య బోల్టు ఆ రెండింటినీ ఒకదానిలోకి ఒకటి దిగేసి బిగిస్తుంది. బోల్టు తీసేసినా ఆ బిగువు పోదు. దీనికి తోడు రెండు వానాకాలాల తేమకి కొస దగ్గర తుప్పు చేరి ఉంటుంది. ఎవరైనా గతంలో టార్క్ రెంచ్ లేకుండా ఇంపాక్ట్ గన్‌తో బిగించి ఉంటే చెప్పనక్కర్లేదు. బోల్టు వదులుగా ఉండగా బండి నడిచినా ఇదే గతి. రెండు ఉపరితలాలూ కంటికి కనపడనంత కదిలి ఒకదాన్నొకటి రాసుకుని, ఎర్రటి పొడి రాల్చి, చివరికి కరుచుకుంటాయి.

కాబట్టి బలం పడాల్సిన చోటు ఒక్కటే. క్లచ్ లోపలి దారాల్లోకి ఒక పొడవాటి పుల్లర్ బోల్టు ఎక్కాలి, దాని కొస క్రాంక్ కొసని తన్నాలి. క్రాంక్ కదలదు కాబట్టి క్లచ్ బయటికి జరగాలి. ఈ పుల్లర్ ఒక్కో క్లచ్‌కి ఒక్కో రకం. మీ మోడల్, సంవత్సరం చెప్పి తెప్పించుకోండి.

పని మొదలుపెట్టేముందు ఇంజిన్ చల్లారనివ్వండి, బ్యాటరీ నెగెటివ్ తీసేయండి, బెల్టు పక్కన పెట్టేయండి. బెల్టు మీద బాణం గుర్తు లేకపోతే అది తిరిగే వైపు చాక్‌పీస్‌తో గీసుకోండి. క్లచ్ ముందు కవర్ చుట్టూ ఉన్న చిన్న స్క్రూల జోలికి మాత్రం పోవద్దు. వాటి వెనక బలమైన స్ప్రింగు నొక్కి ఉంటుంది.

పుల్లర్ దారాలకి, కొసకి మాలీ గ్రీజు (మాలిబ్డినం కలిపిన గ్రీజు) పూయండి. చేత్తోనే తిప్పండి, పానా పెట్టకుండా కనీసం 15 మి.మీ. లోపలికి సాఫీగా దిగాలి. మధ్యలో బిగుసుకుంటే అది వేరే దారం. అంగుళాల దారంలోకి మిల్లీమీటర్ల బోల్టు ఎక్కిస్తే నాలుగు చుట్లకే క్లచ్ నోరు చెడిపోతుంది, ఆ తర్వాత తీసే మార్గమే ఉండదు. చేత్తో దిగాకే పానా వేయండి. క్లచ్ తిరక్కుండా పట్టే పట్టీ పానాతో దాన్ని పట్టుకోండి. పుల్లీల మధ్య పేచ్‌కస్ గుచ్చి ఆపడం మన షెడ్లలో చాలాచోట్ల కనిపిస్తుంది. పుల్లీ ముఖం మీద గీత పడితే బెల్టుని అది కోస్తూనే ఉంటుంది.

ఇక ఓపిక పట్టాలి. గట్టిగా బిగించండి, ఆగండి, పుల్లర్ తల మీద కిలో సుత్తితో ఒక్క చురుకైన దెబ్బ వేయండి, మళ్లీ పావు చుట్టు బిగించండి. 14 మి.మీ. బోల్టుని 100 న్యూటన్ మీటర్లు బిగిస్తేనే కొస దగ్గర మూడున్నర టన్నుల పైన తోపు వస్తుంది. అంత తోపు కింద చిన్న అదురు చాలు పట్టు వదలడానికి. సమ్మెట ఎత్తకండి. ఆ దెబ్బ నేరుగా క్రాంక్ బేరింగులకు పోతుంది. ప్రెస్ చేసి అతికించిన క్రాంక్ అయితే దాని వరసే తప్పుతుంది. ఇంపాక్ట్ గన్ ఉంటే రెండు మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి వాడొచ్చు, దాని అదురు కూడా పనికొస్తుంది.

అయినా రాకపోతే బిగువు మీదే రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి తనంతట తానే ఊడిపోయి ఉండటం ఈ పనిలో మామూలే. వదిలినప్పుడు తుపాకీ పేలినట్టు చప్పుడు వస్తుంది, క్లచ్ ముందుకి దూకుతుంది. పుల్లర్‌ని దారాల్లోనే ఉంచండి, ఎదురుగా ఎవరూ కూర్చోవద్దు, కింద పాత టైరో గోనెసంచో వేయండి.

దానికీ లొంగకపోతే గ్రీజు పద్ధతి ఉంది. పుల్లర్ తీసి క్లచ్ రంధ్రం నిండా గాలి లేకుండా గ్రీజు కూరండి. పుల్లర్ దారాలకి ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేప్ నాలుగైదు పొరలు చుట్టి మళ్లీ ఎక్కించండి. బోల్టు లోపలికి పోయేకొద్దీ గ్రీజుకి దారి దొరక్క వాలు మధ్యకి చొచ్చుకుని క్లచ్‌ని బయటికి నెడుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. గ్రీజు దారాల పక్కనుంచి చిమ్మితే టేప్ సరిపోలేదని అర్థం.

వేడి చివరి మాట. అది కూడా హీట్ గన్‌తోనే, క్లచ్ మధ్య బొడ్డు మీద. గ్యాస్ మంట వద్దు, పక్కనే పెట్రోలు పైపులు, వెనకే క్రాంక్ ఆయిల్ సీలు ఉన్నాయి. నిజానికి వేడి ఇక్కడ అనుకున్నంత పని చేయదు. వాలు రంధ్రం ఉన్నది లోపలి స్టీలు గొట్టంలో, వేడి అక్కడికి చేరేసరికి క్రాంక్ కూడా వేడెక్కుతుంది. అందుకే పుల్లర్ బిగువు మీద ఉండగానే త్వరగా వేడి చేసి, వెంటనే సుత్తి దెబ్బ వేయాలి. డబ్ల్యూడీ-40 చల్లడం వల్ల వాలు లోపలికి పోయేది అతి తక్కువ, పుల్లీల మీద పడేదే ఎక్కువ.

ప్రశ్న: కంపెనీ పుల్లర్ దిగుమతి చేసుకోవాలంటే వారాలు పడుతుందన్నారు. బాలానగర్‌లో తెలిసిన లేత్ షాపు ఉంది. అక్కడ చేయించుకోవచ్చా?
– శామీర్‌పేట నుంచి

జవాబు: చేయించుకోవచ్చు, కానీ ఎం.ఎస్. రాడ్డుతో వద్దు. మెత్తటి ఇనుము కొస బరువు మీద పుట్టగొడుగులా విచ్చుకుని క్లచ్ లోపలే ఇరుక్కుంటుంది. అప్పుడు తీయాల్సినవి రెండవుతాయి. ఈఎన్-24 (గట్టి అల్లాయ్ స్టీలు) రాడ్డు తీసుకుని, దారం కోయించాక హార్డెనింగ్, టెంపరింగ్ చేయించండి. కొలతలు కుదిరితే 12.9 గ్రేడు అలెన్ బోల్టు కొస తిప్పించినా సరిపోతుంది. రాణిగంజ్‌లో హై టెన్సైల్ బోల్టుల షాపుల్లో అడగండి.

కొలతలు కళ్లతో అంచనా వేయొద్దు. క్లచ్ నోటి దారాన్ని పిచ్ గేజ్‌తో, వెర్నియర్‌తో చూడండి. నోటి నుంచి క్రాంక్ కొస దాకా లోతు కొలిచి, పుల్లర్ దానికంటే కనీసం 30 మి.మీ. పొడవు ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం కొస ఆకారం. అది క్రాంక్ కొస అంచు మీద చదునుగా ఆనాలి. సన్నగా చెక్కితే క్రాంక్ లోపలి దారాల్లోకి దూరి వాటిని నలిపేస్తుంది. ఆ దారాలు పోతే క్లచ్ బయటికి వచ్చినా మళ్లీ బిగించలేరు, క్రాంక్ మార్చాల్సిందే. దారి చూపడానికి మధ్యలో చిన్న బుడిపె ఉండొచ్చు, బరువు మాత్రం భుజం మీద పడాలి.

ప్రశ్న: క్లచ్ బయటికి వచ్చింది. మళ్లీ పట్టేయకుండా షాఫ్టుకి గ్రీజో, యాంటీ సీజో పూసి ఎక్కించమంటున్నారు. మంచిదేనా?
– వనస్థలిపురం నుంచి

జవాబు: పూయొద్దు. ఇంజిన్ బలమంతా క్లచ్‌కి అందేది ఆ రెండు వాలుల రాపిడి వల్లే. పైగా జారుడు ఉంటే అదే టార్క్‌కి క్లచ్ ఇంకా లోతుగా దిగి, ఈసారి ఇంతకంటే గట్టిగా కరుస్తుంది.

బ్రేక్ క్లీనర్‌తో రెండు వైపులా తుడిచి ఆరనివ్వండి. గ్రీజు పద్ధతి వాడి ఉంటే రెండుసార్లు తుడవండి. గోధుమరంగు మరకలుంటే స్కాచ్‌బ్రైట్‌తో తేలిగ్గా రుద్దండి, ఎమరీ కాగితం వాడి వాలు మార్చొద్దు. తర్వాత షాఫ్టుకి పల్చగా ప్రష్యన్ బ్లూ (ఎక్కడ ఆనుతోందో చూపే నీలి రంగు పేస్టు) పూసి క్లచ్‌ని ఎక్కించి తీయండి. రంగు చుట్టూ సమంగా అంటాలి. ఒకవైపే అంటితే ఎత్తు ఉందన్నమాట, వాల్వు గ్రైండింగ్ పేస్టుతో చేత్తో నాలుగు తిప్పులు తిప్పి, పేస్టు పూర్తిగా కడిగి మళ్లీ చూడండి. గోరుకి తగిలేంత లోతు గీతలుంటే రుద్దడం దండగ, ఆ భాగం మార్చాలి. ఎలాగూ విప్పారు కాబట్టి వెనక ఆయిల్ సీలు చెమర్చిందేమో చూడండి, అక్కణ్నుంచి వచ్చిన ఆయిలే బెల్టుని జారుస్తుంది.

బోల్టు టార్క్ రెంచ్‌తోనే బిగించండి. పాత స్పోర్ట్స్‌మన్ మోడళ్లకి ఇది 40 ఫుట్ పౌండ్లు, అంటే దాదాపు 54 న్యూటన్ మీటర్లు. మిగతా బండ్లకి వాటి సర్వీస్ మాన్యువల్ అంకె వాడండి.

ప్రశ్న: మాది యమహా గ్రిజ్లీ. దానికీ ఈ పుల్లర్ కావాలా?
– కొంపల్లి నుంచి

జవాబు: అక్కర్లేదు. దానిలో క్లచ్ పళ్లున్న షాఫ్టు మీద ఉంటుంది, నట్టు తీస్తే జారి వస్తుంది. క్లచ్ రెండో సగం, అంటే లోపలి పుల్లీ, తీసేటప్పుడు వెనక క్యామ్ పలకని వేళ్లతో కలిపి పట్టుకుని లాగండి. లేకపోతే లోపలి రోలర్లు కింద పడిపోతాయి, ఏది ఏ గదిలోదో తెలియదు.