లిబ్‌టొరెంట్‌లో ఒక్కో ఫైల్ ఎంత డౌన్‌లోడ్ అయిందో తెలుసుకోవడం ఎలా?

లిబ్‌టొరెంట్ అంటే టొరెంట్లు డౌన్‌లోడ్ చేసే ప్రోగ్రామ్‌లు రాయడానికి వాడే లైబ్రరీ. దాని స్టేటస్‌లో వచ్చే ప్రోగ్రెస్ టొరెంట్ మొత్తానిది. అందులో ఒక్కో ఫైల్ ఎంతవరకు వచ్చిందో ఎలా చూడాలి అనే కదా మీరు అడిగింది. టొరెంట్ హ్యాండిల్ (ప్రోగ్రామ్‌లో ఆ టొరెంట్‌ని సూచించే ఆబ్జెక్ట్) మీద ఫైల్ ప్రోగ్రెస్ ఫంక్షన్ పిలవండి. ఫైళ్ల వరుసలోనే బైట్ల లిస్టు ఇస్తుంది. ఫైల్ సైజుతో మీరే భాగించుకోవాలి. సున్నా సైజు ఫైళ్లుంటే అక్కడే ప్రోగ్రామ్ పడిపోతుంది, చూసుకోండి. మ్యాగ్నెట్ లింక్ అయితే మెటాడేటా (ఫైళ్ల పేర్లు, సైజుల వివరాలు) వచ్చేదాకా ఆ లిస్టు ఖాళీ.

అసలు తలనొప్పి దీని తర్వాతే. క్లాసు వీడియోల జిప్‌లు ల్యాబ్‌లోని సిస్టమ్స్‌కి పంచడానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను. టొరెంట్ డేటా పీసులనే ముక్కలుగా వస్తుంది, ఒక్కో పీస్ సరిగా వచ్చిందో లేదో దాని హ్యాష్‌తో (డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) సరిచూస్తారు. ముందు ఆ ఫంక్షన్‌కి పీస్ గ్రాన్యులారిటీ ఫ్లాగ్ పెట్టాను. హ్యాష్ సరిచూసిన పీసులనే లెక్కేస్తుంది, పని కూడా తేలిక. కానీ పీస్ సైజు 4 ఎంబీ. 300 కేబీ నోట్స్ ఫైల్ 0 దగ్గరే కూర్చుని, ఉన్నట్టుండి 100కి దూకేది. "హ్యాంగ్ అయిందా సార్?" అని పిల్లలు ఒకటే అడగడం.

సరే అని ఫ్లాగ్ తీసేశాను. ఇప్పుడు పీస్‌లోని 16 కేబీ బ్లాకులు వచ్చినవి వచ్చినట్టే లెక్కలోకి వచ్చి బార్ నున్నగా కదిలింది. బార్ 100 చూపగానే జిప్ విప్పమని రాసిపెట్టాను. ఒకరోజు జిప్ పాడైందని ఎర్రర్. చూస్తుండగానే బార్ 100 నుంచి 97కి దిగింది! చివరి పీస్ హ్యాష్ తప్పడంతో లైబ్రరీ దాన్ని పారేసి మళ్లీ తెచ్చుకుంటోంది. తప్పు నాదే, బ్లాకులు వచ్చినంత మాత్రాన ఫైల్ సరిగా ఉన్నట్టు కాదు.

అందుకని ఇప్పుడు బార్ గీయడానికి ఫ్లాగ్ లేని లెక్క, ఫైల్ తెరవడానికి మాత్రం ఫైల్ కంప్లీటెడ్ అలర్ట్ (ఫైల్‌లోని పీసులన్నీ హ్యాష్ సరిపోయాక లైబ్రరీ పంపే కబురు). ఏ అలర్ట్‌లు కావాలో చెప్పే అలర్ట్ మాస్క్ సెట్టింగ్‌లో ఫైల్ ప్రోగ్రెస్ కేటగిరీ కలపకపోతే ఆ అలర్ట్ రానే రాదు. నాకు ఒక సాయంత్రమంతా అక్కడే పోయింది.

ఇంకోటి, ప్రయారిటీ 0 పెట్టి వదిలేసిన ఫైల్‌కి కూడా కాస్త ప్రోగ్రెస్ కనిపిస్తే కంగారు పడకండి. పాత బిట్‌టొరెంట్ వెర్షన్ 1 టొరెంట్లలో ఒకే పీస్ పక్కపక్క ఫైళ్లలోకి పాకి ఉంటుంది, పక్క ఫైల్ కోసం తెచ్చిన పీస్‌లో దీని ముక్క కూడా వస్తుంది. ఇక ఈ ఫైల్ ప్రోగ్రెస్ ఫంక్షన్ జవాబు వచ్చేదాకా మీ థ్రెడ్‌ని ఆపేస్తుంది. నేను సెకనుకోసారే పిలుస్తున్నాను, బార్‌కి అది చాలు.