లెక్క అడిగితే మావయ్య నొచ్చుకుంటారేమో!

ప్రశ్న: నా వయసు 23. మాది ఖమ్మం. సినిమాల్లోకి వెళ్తానంటే నాన్న ఒప్పుకోలేదు. మావయ్యే నచ్చజెప్పి హైదరాబాద్ తీసుకొచ్చారు. కృష్ణానగర్‌లో వాళ్లింట్లోనే ఉంటున్నాను. రెండు సీరియళ్లలో చెల్లెలి వేషాలు వేశాను. ఇప్పుడు హీరోయిన్ ఛాన్స్ వచ్చింది, పేరు మార్చుకోమంటున్నారు. పేమెంట్ల సంగతి మావయ్యే చూస్తారు. ఎంత వస్తుందో నాకు తెలియదు, అడిగితే నొచ్చుకుంటారు. నాన్న పెట్టిన పేరు మార్చుకోనా, వద్దా?

జవాబు: పేరు గురించి టెన్షన్ వద్దు. ఇష్టమైతే మార్చుకో, లేదంటే కుదరదని చెప్పు. రాజమండ్రి లలితారాణి జయప్రద అయింది, ఆమెకేం తక్కువైంది? 'భూమి కోసం'లో మూడు నిమిషాల డాన్స్‌కి ఆమెకి పది రూపాయలిచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నీ మొదటి సంపాదన ఎంతో నీకే తెలియదు తల్లీ! నాకు బాధనిపించింది అక్కడే.

మావయ్య మంచివారే కావచ్చు. నాన్న కాదన్నప్పుడు నీ పక్కన నిలబడ్డారు, ఆ రుణం ఉంది. కానీ పెద్దవాళ్లు వెంట ఉండేది ఆడపిల్లకి అండగా. భానుమతి 1939లో 'వరవిక్రయం'తో సినిమాల్లోకి వచ్చినప్పుడు, హీరో ఆమెని కౌగిలించుకునే సీన్లు ఉండకూడదని వాళ్ల నాన్నగారు ముందే షరతు పెట్టారు. పెద్దరికం అంటే అదీ. మేనకోడలి కష్టార్జితం ఎంతో ఆమెకే చెప్పకపోవడం పెద్దరికం ఎలా అవుతుంది? పొద్దున ఆరింటికి మేకప్ వేసుకుని రాత్రిదాకా లైట్ల కింద నిలబడేది నువ్వు.

ముందు అమ్మతో మాట్లాడు. తమ్ముడి దగ్గర ఆమె నోరు మెదపలేకపోవచ్చు. అయినా పక్కన కూర్చోబెట్టుకుని, మావయ్యని నువ్వే అడుగు. గొంతు పెంచకు, ఏడవకు. "మావయ్యా, ఇప్పటిదాకా వచ్చిందెంత, ఖర్చయిందెంత, ఒకసారి రాసివ్వండి" అను. ఇంటి ఖర్చుకి నీ వాటా ఇవ్వు, తిరిగినందుకు ఆయనకి ఇవ్వాల్సింది కూడా మాట్లాడుకుని ఇవ్వు. ఉచితంగా చేయించుకోవడం నీకూ గౌరవం కాదు. ఆయన నాలుగు రోజులు ముభావంగా ఉంటే ఉండనీ. ఈ సినిమా అగ్రిమెంట్ ప్రతి పేజీ చదివాకే సంతకం పెట్టు, ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. అడ్వాన్స్ నీ అకౌంట్లోనే పడాలి. అకౌంట్ లేకపోతే రేపే తెరువు.

ఇక నాన్నకి హీరోయిన్ సంగతి మావయ్య చేత చెప్పించకు. నువ్వే ఫోన్ చెయ్యి.