టెట్రా అంటే నాలుగు సరే, టెటనస్‌లో నాలుగేముంది?

మీరు అడిగింది ఇదీ: పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు నర్సింగ్ మొదటి ఏడాది, మోనో, డై, ట్రై, టెట్రా అంటూ మొదలయ్యే పదాలు ఎంత బట్టీ పట్టినా నిలవట్లేదు, ఏం చేయాలి అని.

నాదీ అదే కథ. మొదటి ఏడాది వైవా (నోటి పరీక్ష)లో మేడమ్ టెటనస్ అంటే ఏంటని అడిగారు. ముందు రాత్రి ‘టెట్రా అంటే నాలుగు’ అని వల్లె వేసి ఉన్నాను కదా, "నాలుగు కండరాలు బిగుసుకుపోయే జబ్బు మేడమ్" అనేశాను. ఆవిడ కళ్లజోడు తీసి "ఏ నాలుగమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. బయట వరుసలో నిలబడ్డవాళ్లకు కూడా వినపడింది.

టెటనస్‌లో అసలు అంకే లేదు. గ్రీకులో టెటనోస్ అంటే లాగిపట్టినట్టు బిగుసుకున్నది అని. మన ధనుర్వాతం కూడా అదే చూసి పెట్టిన పేరు, ఒళ్లు విల్లులా వంగి బిగుసుకుపోతుంది కాబట్టి. చిన్నప్పటి నుంచీ వింటున్న ఆ మాట గుర్తొచ్చి ఉంటే ఆ రోజు పరువు దక్కేది.

ఇక అంకెలంటారా, సగం మీకు ముందే వచ్చు. త్రిభుజం, పంచాంగం, సప్తస్వరాలు, అష్టదిక్కులు, దశావతారాలు అంటాం కదా. మీరు బట్టీ పడుతున్నవి గ్రీకు అంకెలు. గ్రీకు, సంస్కృతం ఒకే మూలం నుంచి చీలిన భాషలు. ద్వి అక్కడ డై, త్రి ట్రై, పంచ పెంటా, అష్ట ఆక్టా, దశ డెకా. సప్తలో ‘స’ గ్రీకులో ‘హ’ అయింది, అదే హెప్టా. ఆరుకు మన షట్, వాళ్ల హెక్సా కూడా ఆ వరసే. చతుర్‌కీ టెట్రాకీ కూడా చుట్టరికం ఉంది కానీ చూస్తే తెలియదు. అందుకని మోనో (ఒకటి), టెట్రా (నాలుగు) మాత్రం బట్టీ పట్టండి.

పెంటా నాకు పుస్తకంలో కన్నా టీకాల రోజున బాగా పట్టుబడింది. ఆరు, పది, పద్నాలుగు వారాల పసిపిల్లలకు పెంటావాలెంట్ టీకా వేస్తాం. ఒక అవ్వ మనవణ్ణి వెనక్కి లాక్కుని "పసోడికి పెంట సూదేంటమ్మా!" అంది. "పెంట కాదవ్వా, పంచ. ఐదు జబ్బులకు ఒకటే సూది" అని వేళ్లు మడిచి చెప్పాను: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ (న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే ఒక బాక్టీరియా). పంచ పాండవుల్లాగా అని తనే అందుకుంది.

ఆ ఐదింటిలోనే ఇంకో ఉచ్చు ఉంది చూడండి. హెపటైటిస్‌లో హెప్టా లేదు. హెపార్ అంటే కాలేయం. డయాబెటిస్, డయేరియాల్లో ‘డయా’ కూడా రెండు కాదు, ‘గుండా’ అని. అందుకే అంకెలా కనిపించే ముక్క తగిలితే "వేటిని లెక్కపెడుతున్నారు?" అని అడుగుతాను. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ అయితే జవాబుంది, అణువులో నాలుగు వలయాలు. (ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్ నుంచి వచ్చింది. అక్కడ పరిశోధన నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.) ట్రైగ్లిజరైడ్‌లో గ్లిజరాల్‌కు అతుక్కున్న మూడు కొవ్వు ఆమ్లాలు. టెట్రాలజీ ఆఫ్ ఫాలో (ఫాలో అనేది ఒక డాక్టరు పేరు) అనే పుట్టుకతో వచ్చే జబ్బులో గుండెకు నాలుగు లోపాలు: కింది గదుల మధ్య రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకు కావడం, బృహద్ధమని సరిగ్గా ఆ రంధ్రం మీదికి జరగడం, కుడివైపు కింది గది (జఠరిక) గోడ మందమవడం. నాలుగూ చెప్పగలిగితే పేరు దానంతటదే గుర్తుంటుంది.

లాటిన్ అంకెలు వేరే గోల. బైసెప్స్, క్వాడ్రిసెప్స్ అటువైపువి, బై అంటే రెండు, క్వాడ్రి అంటే నాలుగు. కాళ్లూ చేతులూ పడిపోవడాన్ని కొందరు క్వాడ్రిప్లీజియా అని, కొందరు టెట్రాప్లీజియా అని రాస్తారు. రెండూ ఒకటే. నేను రెండు జబ్బులనుకుని నోట్స్‌లో చెరో పేజీ రాసుకున్నాను, మీకు ఒక పేజీ మిగిలింది.