పంచాయతీ సంతకం పెట్టింది, ఇక ఆపలేమా?

సందేహం: మాది మర్రిగూడ మండలం. మా చేను పక్కన పలుగురాయి పొడి చేసే మిల్లు ఉంది. ఇప్పుడు ఆ పొడిని ఆసిడ్‌తో కడుగుతారట, కొత్త తొట్లు కడుతున్నారు. అడిగితే ‘పొల్యూషన్ బోర్డు పర్మిషన్ ఎప్పటినుంచో ఉంది, పంచాయతీ కూడా సంతకం పెట్టింది’ అంటున్నారు. మా బోరు పక్కనే ఉంది. ఏం చేయాలి? – ఒక రైతు

జవాబు: ఆ పర్మిషన్ రాయి పొడి చేయడానికి తీసుకున్నదైతే, ఆసిడ్‌తో కడగడానికి చెల్లదు. ఏ సరుకు, ఎంత, ఏ పద్ధతిలో, ఎంత మురుగునీరు అన్నీ అందులోనే రాసి ఉంటాయి. పద్ధతి మారి కొత్త మురుగు వస్తుంటే 1974 నీటి కాలుష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం తొట్లు కట్టకముందే ఒక అనుమతి, నడిపేముందు మరొకటి తీసుకోవాలి. పంచాయతీ సంతకం వీటికి బదులు కాదు. ఖనిజ శుద్ధి (తవ్విన రాయిని ఇలా శుభ్రం చేయడం), ముందుగా పర్యావరణ అనుమతి తీసుకోవాల్సిన పనుల 2006 నోటిఫికేషన్ జాబితాలోనూ ఉంది. ఆ అనుమతి తీసుకున్నారా అన్నదీ అడగండి.

నల్లగొండలోని బోర్డు ప్రాంతీయ కార్యాలయానికి ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) పెట్టి పాత అనుమతి, కొత్త దరఖాస్తు కాపీలు అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. అభ్యంతరం మాత్రం అంతవరకు ఆపకండి, ఈలోపే రాసిచ్చి రసీదు తీసుకోండి. ఎందుకంటే దరఖాస్తుపై బోర్డు 4 నెలల్లో ఏమీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క.

మన దగ్గర అసలు చిక్కు నీళ్లది. పలుగురాయి పొడిని తెల్లగా చేయడానికి కొన్నిచోట్ల హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ వాడతారు. దాని మురుగులో ఉండేది ఫ్లోరైడే. రేపు బోరు పాడైందని మీరంటే, ‘మర్రిగూడ నీళ్లలో ఫ్లోరైడ్ మీ తాతల నాటిదే కదా’ అంటాడు ఎదుటి లాయరు. అప్పుడు పనికొచ్చేది మురుగు నురగ ఫొటోలు కాదు, ఆసిడ్‌తో కడగడం మొదలవకముందు చేయించిన ల్యాబ్ రిపోర్టు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు లేనిచోట 1.5 వరకు. మీ బోరులో ఈరోజు ఎంతుందో కాగితం మీదకి రావాలి. పీహెచ్ (నీటిలో ఆసిడ్ గుణం ఎంతో చెప్పే కొలత) కూడా చూపించండి.

మీరు పట్టిన శాంపిల్‌తో క్రిమినల్ కేసు నిలవదు. దానికి బోర్డు అధికారులే చట్టం చెప్పిన పద్ధతిలో సీలు వేసి తీయాలి. పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్ చెన్నై బెంచికి మాత్రం సాక్ష్య చట్టం కట్టుబాటు లేదు, మీ రిపోర్టునూ చూస్తుంది. వివాదం మొదలైన 6 నెలల్లో అక్కడికి వెళ్లాలి. నష్టపరిహారానికైతే 5 ఏళ్లు.

తొట్లలో ఆసిడ్ పడకముందే, ఈ వారమే నీళ్లు పట్టండి. గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. దానిమీద తేదీ, సర్వే నంబరు రాసి, పక్క చేను వాళ్లిద్దరితో సంతకం పెట్టించండి.