పాత ఇంటికి పని పెట్టుకునే ముందు

అమ్మాయీ,

పాత ఇల్లు కొన్నావని, బాగుచేయించి అందులోనే ఉంటావని తెలిసి చాలా సంతోషమేసింది. ప్లాన్లు గీయించే ముందు ఒక పని చెయ్యి. వీధికి అటువైపు నిలబడి, అటు రెండిళ్లు, ఇటు రెండిళ్లు కూడా వచ్చేలా మీ ఇంటిని ఫొటో తియ్యి. చూరు ఎంత ఎత్తులో ఉంది, ముందు గోడ రోడ్డుకి ఎంత వెనక్కి ఉంది, కిటికీలు నిలువుగా పొడుగ్గా ఉన్నాయా, అడ్డంగా వెడల్పుగా ఉన్నాయా చూసుకో. ఈ మూడూ చుట్టుపక్కల ఇళ్లతో కలిస్తే చాలు. పక్కింటిని నకలు కొట్టక్కర్లేదు.

అదనంగా గది కావాలంటే వెనకవైపు వెయ్యి. మేడ తప్పదనుకుంటే ముందు గోడ నుంచి బాగా లోపలికి జరిపి కట్టించు, వీధిలోంచి పాత ఎత్తే కనబడుతుంది. ఏ గోడ బరువు మోస్తోందో ఇంజనీరు చూసి చెప్పేదాకా ఒక్క ఇటుక కూడా తీయనివ్వకు.

గోడల గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. పూత ఊడినచోట ఇటుకల మధ్య అతుకుని తాళంచెవితో గీకి చూడు. మెత్తగా, తెల్లగా పొడి రాలితే అది సున్నపు కట్టుబడి అయ్యుంటుంది. దాని మీద సిమెంటు పూత వద్దు. సున్నం గోడలోని చెమ్మని బయటికి వదిలేస్తుంది, సిమెంటు లోపలే ఆపేస్తుంది. ఆ చెమ్మతో వచ్చే ఉప్పు ఇటుకల్లోనే పేరుకుని పెచ్చులు ఊడగొడుతుంది. ‘సిమెంటైతే గట్టిగా ఉంటుందమ్మా’ అని మేస్త్రి అంటాడు. ఆ గట్టిదనమే మెత్తటి ఇటుకకి చేటు. సున్నం పని తెలిసినవాణ్ణే వెతుకు, ఆలస్యమైనా ఫరవాలేదు. పూతకీ పూతకీ మధ్య ఆరనివ్వాలి, అలాగని ఒక్కసారిగా ఎండిపోనివ్వకూడదు.

తలుపులు, కిటికీలు తీసి పారెయ్యకు. సాధారణంగా నీళ్లు తగిలే అడుగుభాగమే పుచ్చుతుంది. అంతవరకు కోసి, అదే జాతి చెక్క అతికిస్తే సరిపోతుంది.

రంగు డబ్బాలన్నీ ఒకేసారి కొనెయ్యకు. గోడ మీద చదరపు గజమంత వేయించి, పొద్దున, సాయంత్రం చూసుకో.

అనుమతుల సంగతి ముందే కనుక్కో. పాత వీధుల్లో ముందుభాగం మార్చడానికి విడిగా నిబంధనలు ఉండొచ్చు. పని మొదలవక ముందే ఇరుగుపొరుగుకి డ్రాయింగు చూపించు. చాలాకాలంగా అక్కడే ఉంటున్నవాళ్ల దగ్గర పాత ఫొటోలుంటే అడుగు, ఎవరో మూసేసిన కిటికీ మొదట ఎక్కడుండేదో వాటిలో దొరకొచ్చు.

ఆశీస్సులతో,
బాబాయి