వానకు పని ఆగిన గంటలు టైం ట్రాకింగ్ యాప్‌లో ఆటోమేటిక్‌గా నమోదయ్యేలా చేయవచ్చా? వాన మొదలవగానే టైమర్ ఆగాలి, తగ్గగానే మళ్లీ నడవాలి. వాతావరణ సమాచారానికి ఓపెన్‌వెదర్ సర్వీసు తీసుకుంటున్నాను.

చేయవచ్చు, అదేమంత పెద్ద విద్య కాదు. కానీ మీరు ప్రశ్నలో రాసినట్టు "వాన మొదలవగానే టైమర్ ఆగాలి, తగ్గగానే మళ్లీ నడవాలి" అన్న పద్ధతి మాత్రం వద్దు. అలా పెడితే నెల తిరక్కముందే మేస్త్రీ మీ ఫోన్ ఎత్తడం మానేస్తాడు.

నేను హైదరాబాద్ శివార్లలో తెల్లాపూర్, కొల్లూరు వైపు పునాదులు, స్లాబ్ పనులు చేయించే చిన్న కాంట్రాక్టర్ని. సాఫ్ట్‌వేర్ మా బావమరిది శాఖ. కూలీల గంటలు క్లాకిఫై అనే టైం ట్రాకింగ్ యాప్‌లో రాస్తాం. సూపర్‌వైజర్ తన ఫోన్‌లో గ్యాంగు పేరు మీద టైమర్ నొక్కుతాడు, సాయంత్రం ఆపుతాడు. మా బావమరిది ఎన్ఎయిట్ఎన్ (n8n) అనే ఆటోమేషన్ టూల్ పెట్టి ఇచ్చాడు. అది కాసేపటికోసారి సైట్ అక్షాంశం, రేఖాంశం పంపి ఒక వాతావరణ సర్వీసును అడుగుతుంది. వాన ఉందని జవాబొస్తే, ఆ టైముకు నడుస్తున్న ఎంట్రీకి "వాన" అని ట్యాగ్ తగిలిస్తుంది. జాపియర్ అనే ఇంకో టూల్‌లో కూడా ఇలాంటివి చేసుకోవచ్చు గానీ అక్కడ ప్లాన్‌లో ఇన్ని టాస్కులని లెక్క ఉంటుంది. రోజంతా ఆకాశం వంక చూస్తూ కూర్చోవాల్సిన పనికి ఆ లెక్క గిట్టుబాటు కాదు.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు సంగతి ఒక జూలైలో తెలిసింది. ఫుటింగ్ (పునాది) గుంతలు తవ్వి, అడుగున ఇనుప కడ్డీల జాలీ కట్టేసి, మధ్యాహ్నం రెడీమిక్స్‌కి, అంటే లారీలో కలిపి తెచ్చే కాంక్రీటుకి, చెప్పి ఉంచాం. పదకొండు దాటాక పట్టుకుంది వాన. గట్టిగా ముప్పావు గంట కొట్టి, ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది. గుంతల్లో చూస్తే మోకాలు లోతు నీళ్లు. అంచుల మట్టి జారి జాలీ మీద పడింది. మోటారు పెడితే పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్‌కి బురద పట్టి ఆగిపోయేది, కుర్రాడొకడు దిగి చేత్తో బురద తీస్తే మళ్లీ కాసేపు లాగేది. చివరి జానెడు నీళ్లు మోటారుకు అందవు కదా, అవి బకెట్లతోనే. నీళ్లు పోయాక ఇనుముకు పట్టిన బురద పైపు పెట్టి కడగాలి, లేకపోతే కాంక్రీటు కడ్డీని పట్టదు. ఇదంతా అయ్యేసరికి పొద్దు వాలింది. రెడీమిక్స్ మర్నాటికి వాయిదా.

మా డేటాలో మాత్రం వాన ముప్పావు గంట. బిల్డర్ తరఫు ఇంజనీరు అదే స్క్రీన్ తిప్పి చూపించాడు: "మీ యాప్‌లోనే ఉంది కదా, మిగతా టైమంతా మీవాళ్లు కూర్చున్నట్టేగా?" మా మేస్త్రీది పాలమూరు. ఆయన బురద చేతులతోనే వచ్చి, "వాన ఆగితే పని చాలయితదా సారూ? గుంతల నీళ్లు మేం తోడాల్నా, మీ ఫోన్ తోడుతదా?" అన్నాడు. ఇంజనీరు మారు మాట్లాడలేదు. బిల్లులో గంటలు మాత్రం కోసేశాడు, అది వేరే సంగతి.

కాబట్టి నా మాట వినండి. వాన పడిన టైమూ, పని పోయిన టైమూ రెండు వేర్వేరు లెక్కలు. మొదటిది యంత్రానికి తెలుస్తుంది, రెండోది గుంత పక్కన నిలబడ్డ మనిషికే తెలుస్తుంది. ఇప్పుడు మా దగ్గర వాన వచ్చిందని తెలిస్తే సిస్టమ్ ఏదీ తేల్చదు, సూపర్‌వైజర్‌ని అడుగుతుంది. టెలిగ్రామ్‌లో ఒక మెసేజ్ వెళ్తుంది: "వాన పడుతున్నట్టుంది. పని ఎలా ఉంది?" కింద మూడు బటన్లు: నడుస్తోంది, ఆగింది, నీళ్లు తోడుతున్నాం. ఏది నొక్కితే ఆ ట్యాగ్ పడుతుంది. వాన తగ్గాక కూడా "పని మొదలైంది" అని జవాబు వచ్చేదాకా గంటకోసారి అడుగుతూనే ఉంటుంది. ఎన్ఎయిట్ఎన్‌లో మెసేజ్ పంపి జవాబు కోసం ఆగే సదుపాయం ఉంది, కోడ్ రాయక్కర్లేదు. వాట్సాప్‌లో పెట్టుకుందామంటే వ్యాపార మెసేజ్‌కి ముందు టెంప్లేట్ ఆమోదం, ఆపైన చార్జీలు. "వాన పడుతోందా" అని మనవాణ్ని మనం అడగడానికి ఇంకొకరి అనుమతి దేనికో నాకు అర్థం కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, మీరు అడగకపోయినా. ఈ డేటాతో కూలి కోసేవాళ్లు ఉన్నారు. మీది కూడా ఆ ఆలోచనేనేమో అని అనుమానంగా ఉంది. వద్దు. కూలీల అడ్డా మీద నుంచి పొద్దున్నే వచ్చినవాడు, వాన వల్ల మెట్ల కింద కూర్చున్నా ఆ పూట వేరే పనికి పోలేడు. వాన రికార్డు పైవాడికి చూపించడానికి, కిందవాడిని కోయడానికి కాదు. పైవాడు అంటే బిల్డర్. ఆయన టెన్షన్ ఆయనది: 2016 రెరా చట్టం (ఇళ్ల ప్రాజెక్టుల నియంత్రణ చట్టం) 6వ సెక్షన్‌లో గడువు పొడిగించడానికి పేరు పెట్టి చెప్పిన కారణాలు యుద్ధం, వరద, కరవు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, అలాంటి ఇతర ప్రకృతి విపత్తులు. ఏటా వచ్చే మామూలు వాన పేరు అందులో లేదు. అందుకని ఆ రోజుల నష్టం మెల్లగా మనలాంటి చిన్నవాళ్ల మీదికి జారుతుంది. పని ఆర్డర్ రాయించుకునేటప్పుడే "వానకు పోయిన రోజులు గడువులో కలుపుతారు" అని ఒక్క లైను పెట్టించుకోకపోతే, ఎన్ని యాప్‌లు కలిపినా అది అలంకారమే.

ఇక వాన డేటా నమ్మకం సంగతి. ఉచితంగా దొరికేవాటిలో చాలావరకు కంప్యూటర్ మోడల్ వేసిన అంచనాలే, మీ సైట్‌లో పాత్ర పెట్టి కొలిచినవి కావు. హైదరాబాద్‌లో మియాపూర్‌లో కుండపోతగా ఉంటే కొండాపూర్‌లో బట్టలు ఆరుతుంటాయి. 2020 అక్టోబర్ 13 నాటి వానే చూడండి. బేగంపేటలో 19 సెంటీమీటర్లు అయితే ఘట్‌కేసర్ వైపు 30 దాటింది. కాబట్టి పేచీ వస్తే టీజీడీపీఎస్ (తెలంగాణ ప్రభుత్వ ప్రణాళికా సంస్థ) వాళ్ల ఆటోమేటిక్ వాతావరణ స్టేషన్లలో మీ సైట్‌కు దగ్గరి దాని లెక్క పక్కన పెట్టుకోండి. ఐఎండీ (కేంద్ర వాతావరణ శాఖ) లెక్క తీసుకుంటే ఇంకో మెలిక ఉంది. వాళ్ల రోజు ఉదయం 8:30కి ముగుస్తుంది. 13 రాత్రి పడిన వాన 14వ తేదీ కింద కనిపిస్తుంది. మీ టైంషీటు తేదీతో కళ్లు మూసుకుని కలిపితే వాన పడ్డ రోజు పొడిగా, పొడి రోజు తడిగా తేలుతుంది.

మీరు ఓపెన్‌వెదర్ తీసుకుంటున్నానని రాశారు. యూనిట్లు మెట్రిక్ అని అడగకపోతే అది ఉష్ణోగ్రతను కెల్విన్‌లో ఇస్తుంది, అంటే మన డిగ్రీలకు 273 కలిపిన అంకె. "40 దాటితే ఎండ ట్యాగ్" అని పెట్టారంటే సంక్రాంతి పొద్దున కూడా వడదెబ్బే. వాన లేనప్పుడు సున్నా రాదు, అసలు వాన అనే గడే జవాబులో ఉండదు, దానికి తగ్గట్టు షరతు రాసుకోండి. ఎన్ఎయిట్ఎన్‌ని సొంతంగా పెట్టుకుంటే దాని గడియారం మొదట న్యూయార్క్ టైములో ఉంటుంది. కోల్‌కతా టైముకు మార్చకపోతే వానాకాలంలో పొద్దున 9కి పెట్టింది సాయంత్రం 6:30కి లేస్తుంది, అప్పటికి గ్యాంగు ఇంటికి పోయి ఉంటుంది.

అన్నట్టు, ఇదంతా ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద నడిపిద్దామని చూడకండి. మా వైపు నాలుగు చినుకులు పడితే ముందు పోయేది కరెంటు, దాని వెనకే వైఫై. నెలకింత అని అద్దె సర్వర్ తీసుకోండి.