కొండ కాపలాకి దిగుతున్న అల్లుడికి

ఒరే అల్లుడూ,

నిన్ను వన సంరక్షణ సమితికి అధ్యక్షుడిని చేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. కానీ అదే నోటితో, నువ్వు పెద్ద టార్చిలైటు కొన్నావనీ, నలుగురు కుర్రాళ్ళని వెంటేసుకుని రాత్రిళ్ళు కొండెక్కుతున్నావనీ కూడా చెప్పింది, అప్పటినుంచీ నాకు టెన్షన్‌గా ఉంది, అందుకే ఈ ఉత్తరం. ముందు ఆ లైటు పక్కన పెట్టు.

నేను ఫారెస్టు గార్డుగా చేరిన కొత్తలో ఒక రాత్రి మందస వైపు కొండల్లో ఇద్దరిని పట్టుకున్నాను. భుజాన టేకు దుంగ, కాళ్ళకి చెప్పుల్లేవు, ఒకడికి జ్వరం కూడా ఉంది. పొద్దున్న ఆఫీసులో అందరూ భుజం తట్టారు, నేనూ పొంగిపోయాను. పది రోజులు తిరక్కుండా అదే గెడ్డ పక్కన ఇంకో మాను పడింది. ఈసారి వేరే ఇద్దరు కూలీలు, కొన్నవాడు మాత్రం పాతవాడే. శేషాచలంలో 2015 ఏప్రిల్ 7న ఏమైందో నీకు గుర్తుండే ఉంటుంది, ఎర్రచందనం పేరు మీద ఇరవై మంది కాల్పుల్లో పోయారు, వాళ్ళంతా తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళే. ఆ తర్వాతా ఎర్రచందనం పోతూనే ఉంది. గొడ్డలి పట్టినవాడి వెంట పడితే నీకు దెబ్బలు మిగులుతాయి, మాను మిగలదు.

మరి ఏటి చెయ్యాలంటావా? లెక్క రాయి. నవ్వకు. పుస్తకంలో లేని చెట్టు పోతే, అసలు అక్కడ చెట్టు ఉందని ఎవడు ఒప్పుకుంటాడు? దర్జీ టేపు ఒకటి తీసుకుని, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో మాను చుట్టుకొలత చూడు, నోట్‌బుక్కులో ఎక్కించు, లొకేషన్ ఆన్ చేసి ఫోన్‌తో ఫొటో తియ్యి. అన్ని చెట్లూ అక్కర్లేదు. జిట్రేగి, అదే ఇరుగుడు, రోజ్‌వుడ్ అంటారే, దానితో మొదలుపెట్టు. అది నిదానంగా పెరిగే మాను, నల్లటి చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది, అందుకే అంత ధర. దాని జాతి మొత్తాన్నీ 2017 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో పెట్టారు, అనుమతి కాగితం లేకుండా దేశం దాటించడానికి లేదు. తర్వాత వేగిస. గాటు పడితే రక్తం లాంటి ఎర్ర బంక కారుతుంది చూడు, చిన్నప్పుడు మేం బొట్టు పెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు దాని కర్రతో గ్లాసులు చేసి, అందులో రాత్రి నానిన నీళ్ళు తాగితే షుగర్ పోతుందని అమ్ముతున్నారు. నాకూ ఒకాయన తెచ్చిచ్చాడు. నీళ్ళ రంగు మారింది గానీ నేను వేసుకునే మాత్రల సంఖ్య మారలేదు.

ఆ లెక్కని గ్రామసభలో చదివించి తీర్మానం రాయించు. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవిని కాపాడే అధికారం గ్రామసభకి కూడా ఇచ్చింది, చాలామంది పట్టాల దగ్గరే ఆగిపోయి ఈ సంగతి వదిలేస్తారు. తీర్మానం నకలు రేంజ్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో. ముద్ర లేకపోతే ఇచ్చినా ఇవ్వనట్టే.

ఇక కళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్తాను. మాను పడేది గొడ్డలి పెట్టిన రాత్రి కాదు, అంతకు కొన్ని నెలల ముందే. మొదట్లో నడుం ఎత్తున బెరడు చుట్టూ ఒలిచేస్తారు, ఆ గాటుకి మట్టి పూస్తారు, దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు. మెల్లగా ఆకు రాలుతుంది, చెట్టు నిలబడే ఎండుతుంది, అప్పుడు "ఎండు చెట్టే కదండీ" అంటారు. చిగురు వేసే కాలంలో ఒక్కటి మాత్రం బోడిగా కనిపిస్తే దగ్గరికెళ్ళి మట్టి గీకి చూడు. మీ ఊళ్ళో మేకలు కాసే సవర ముసలాళ్ళని అడుగు, ఏ చెట్టు ఎప్పుడు బెంగపెట్టుకుందో వాళ్ళకి తెలుస్తుంది, నీకూ నాకూ తెలియదు.

తుఫాను తర్వాత మరీ జాగ్రత్త. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానం అంతా పడుకుంది, ఎవరి చెట్టు ఎక్కడుందో తెలియని రోజులవి. ఆ సందట్లో పడిన చెట్లతో పాటు నిలబడ్డ చెట్లూ బండెక్కాయి. గాలికి పడిన మానుకి వేళ్ళు మట్టితో సహా పైకి లేస్తాయి, లేదా మధ్యలో పీచు పీచుగా చీలుతుంది. రంపం పెట్టిన మోడు బల్లలా సాపుగా ఉంటుంది. మోడు మీద ఆకులు పోగేసి కాల్చారంటే ఇంక అడగక్కర్లేదు.

కర్ర కొండ మీద అమ్ముడుపోదు, కిందికి దిగాలి. దారులు చూడు, కోత మిల్లుల వైపు చూడు, ఊళ్ళో కొత్త ఇంటికి జిట్రేగి గుమ్మాలు ఎక్కడివో చూడు (పెళ్ళి మంచం అయినా సరే, మన చుట్టమైనా సరే). బండిలో దుంగలుంటే రవాణా పర్మిట్ ఉండాలి, దుంగ మీద ముద్ర ఉండాలి, సొంత పొలంలో చెట్టయినా చాలా రకాలకి 2002 వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కావాలి. బండికి నువ్వు అడ్డం పడకు. నంబరు, టైము రాసుకో, రేంజర్‌కి చెప్పు, మరీ అత్యవసరమైతే 112 కొట్టు. 1967 అటవీ చట్టంలో దుంగలతో పాటు బండినీ జప్తు చెయ్యొచ్చు, బండి పోతే నొప్పి యజమానికి తగులుతుంది, కూలీకి కాదు. అవతల ఒడిశా కనక సరిహద్దు దాటిందంటే మాది కాదు మీది కాదు అనుకుంటారు. అందుకని రెండువైపులా ఆఫీసర్ల నంబర్లు ఇప్పుడే సంపాదించుకో, అవసరం పడ్డాక దొరకవు.

కొట్టేసిన జిట్రేగిని వదిలెయ్యకు. దాని వేళ్ళ నుంచి పిలకలు వస్తాయి. చుట్టూ ముళ్ళకంచె వెయ్యి, మేకలకి అందకుండా, మార్చి, ఏప్రిల్‌లో నిప్పు పాకకుండా చుట్టూ ఆకులు ఊడ్చు. ఈ పని కుర్రాళ్ళకి నచ్చదు, ఫొటోకి పనికిరాదు కదా.

సంక్రాంతికి వస్తాను. అప్పటికి గెడ్డ అవతలి గట్టు వరకైనా రాసి ఉంచు, మిగతాది ఇద్దరం తిరుగుదాం. టేపు కొనకు, మీ అత్త కుట్టుమిషన్ డబ్బాలో రెండున్నాయి.

మీ మావయ్య